నల్లా తిప్పితే మంచినీళ్లు రావాలి

తమ్మీ,

కథ చదివాను. దేవరకొండ అవతల కృష్ణ ఒడ్డున ఒక ఊరు, అందరికీ ఒకే కొలత ఇల్లు. ఎవరు ఏ పని చేయాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో కమిటీ చెప్తుంది. పొలిమేర దాటాలంటే చీటీ ఉండాలి. ఇది ఆదర్శ లోకమా, నరకమా అని నీ దోస్తులు వాదులాడుకున్నారనీ, నన్ను తీర్పు చెప్పమనీ రాశావు. తీర్పు చెప్పను. వాళ్లు ఇంకా గట్టిగా కొట్లాడుకోవాలంటే ఏం మార్చాలో చెప్తా. ఇప్పుడైతే ఆ కొట్లాటకు కథలో చోటే లేదు. మొదటి పేజీలోనే కమిటీ పెద్ద పళ్లు నూరుతాడు, జనం నవ్వరు, మాట్లాడరు. అట్లాంటి ఊళ్లో ఉండాలని ఎవరికనిపిస్తుంది?

ఒకసారి నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పోయి చూడు. నడీడు రాకముందే నడుం వంగిపోయినవాళ్లు, మెడ తిరగక మనిషంతా తిరిగి చూసేవాళ్లు కనిపిస్తారు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలకెక్కితే అట్లనే అవుతుంది. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడ్డది, అదే జిల్లాలో. డ్యామ్ లేచింది, కాలువలు పారాయి, వీళ్లు మాత్రం ఏళ్లకేళ్లు బోరింగు నీళ్లే తాగారు. ఇప్పుడు నీ కమిటీ వచ్చి, 'ఇంట్లో నల్లా తిప్పితే కృష్ణ నీళ్లు వస్తాయి, మీ పిల్లల కాళ్లు వంకర పోవు, చీటీ లేకుండా మాత్రం ఊరు దాటొద్దు' అన్నదనుకో. వేలిముద్ర వేయని తల్లి ఉంటుందా? నేనైనా వేస్తా. అది ఉత్త మాయమాట కూడా కాదు, పిల్లల కాళ్లు నిజంగానే చక్కగా పెరుగుతాయి. అదే ఇంట్లో పుట్టిన మనవరాలు వంకర కాళ్లు ఎన్నడూ చూడలేదు. ఆమెకు కనబడేది చీటీ ఒక్కటే. పాలమూరు పోయి చదువుకుంటానంటే ఇవ్వరు. ఆ ఇద్దరినీ ఒక రాత్రి అన్నం దగ్గర కూచోబెట్టు. అవ్వను మూర్ఖురాలిని చేయకు, ఆమె మాటే గట్టిగా ఉండనీ.

1516లో థామస్ మోర్ ఒక ఊహా దీవి మీద రాసిన 'యుటోపియా'లో ఇళ్లకు తాళాలుండవు. పదేళ్లకోసారి చీట్లు వేసి ఇళ్లు మార్చుకుంటారు. బంగారంతో ఉచ్చ కుండలు చేస్తారు! చదువుతుంటే ముచ్చటేస్తుంది. అయితే అక్కడ కూడా ఊరు దాటాలంటే అనుమతి కావాలి, అది లేకుండా రెండోసారి దొరికితే బానిస బతుకే. పశువులను కోసే పని కూడా బానిసలదే. ఆ దీవి కథను వాళ్లలో ఒకడు చెప్పి ఉంటే ఎట్లుండేదో. నీ ఊళ్లో మోరీలు ఎవరు తీస్తారు? కథంతా వెతికినా దొరకలేదు. ఆ మనిషికి ఒక పేరు పెట్టు, రెండు పేజీలివ్వు.

కెమెరాలు, సైరన్లు సగం తీసెయ్. గడీల ముచ్చట్లు మీ తాత దగ్గర వినే ఉంటావు. దొర ఊళ్లో లేని రోజు కూడా గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకునేవాళ్లు. చూసేవాడెవడు? ఫ్లోరైడ్ నీళ్లు తేటగానే ఉంటాయి, రుచిలో తేడా తెలియదు, కాచినా పోదు. కట్టడి కూడా అట్లనే ఎక్కాలి. ఒక పోరడు చీటీ కోసం ఆఫీసుదాకా పోయి, లైన్లో నిలబడి, ఎవరూ వద్దనకముందే తిరిగి ఇంటికొస్తాడు. ఆ సీను రాయి.

చివర్లో గేటు విరగ్గొట్టడం సినిమాకు పనికొస్తుంది, నీ కథకు పనికిరాదు. అందరూ గేటు దాటి ఉరికారు, సరే. మోటరు నడిపేవాడు కూడా ఉరికాడు కదా! మర్నాడు పొద్దున ఆ ఊరికి నీళ్లెట్లా వస్తాయి? మనవరాలు మోటరు రూము తాళం ఎవరి దగ్గరుందని అడుక్కుంటూ తిరగాలి, తాళం దొరికినవాడు దానికేదో ఒక షరతు పెట్టాలి. గేటు సీను కొట్టేసి అక్కడి నుంచి రాయి. కథ పెద్దదవుతుందని టెన్షన్ పడకు, చదువుతా. దసరాకు ముందే పంపు, ఆ తర్వాత మా ఇంట్లో పెళ్లి పనులున్నాయి.

ఉంటాను,
మీ అన్న