బఫే, డిపో: చివరి 'టి' ఎందుకు పలకం?

ఇంగ్లీషులో రోజూ వాడే ఫ్రెంచి మాటలేవి, రాసినట్టు ఎందుకు పలకం అని అడిగారు.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది కాబట్టి ఇవి అక్కణ్నుంచే వచ్చాయనిపిస్తుంది. కాదండీ, మనకు ఇంగ్లీషు ద్వారానే వచ్చాయి.

అమలాపురం బస్సు డిపోనే తీసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగులో చివర 'టి' ఉంది. అయినా కండక్టరు నుంచి కూరగాయల బుట్టతో ఎక్కే మామ్మగారి దాకా ఎవరూ 'డిపోట్' అనరు. ఫ్రెంచిలో మాట చివరి 'టి'ని మామూలుగా పలకరు, ఆ పద్ధతే ఇంగ్లీషు మీదుగా మన దాకా వచ్చింది. పెళ్లిళ్లలో బఫే కూడా అంతే. ఫ్రెంచిలో బఫే అంటే గిన్నెలూ పళ్లేలూ సర్దుకునే బల్ల. భోజనం పేరు దాన్నించే వచ్చింది.

మటన్ కథ వేరు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువలా వచ్చిపడ్డాయి. గొర్రెను ఫ్రెంచిలో 'ముతోఁ' అంటారు. అంత పాత అరువు కాబట్టి ఇంగ్లీషువాళ్ల నోట నలిగి పూర్తిగా వాళ్ల మాటైపోయింది. మనమేమో మేకమాంసాన్నీ మటనే అంటాం!

రెస్టారెంట్, మెనూ, గ్యారేజ్, బొకే కూడా ఫ్రెంచివే. నాకు బాగా నచ్చేది షోఫర్. ఇప్పుడు కారు డ్రైవరు, అసలు అర్థం కొలిమికి మంట ఎగదోసేవాడు.

ఆహ్వానపత్రికల్లో ఆర్‌ఎస్‌వీపీ అంటే 'దయచేసి జవాబివ్వండి' అనే ఫ్రెంచి వాక్యానికి పొడి అక్షరాలు. దాని ముందు మళ్లీ 'ప్లీజ్' అక్కర్లేదు.