పాపతో ఆల్ప్స్‌లో సైకిల్: ద్రావా నది దారి

పదేళ్ల పాపతో ఆల్ప్స్‌లో సైకిల్ తొక్కాలని ఉంది, కానీ కార్లన్నా ఎత్తులెక్కడమన్నా భయం అన్నారు కదా. మీకు సరిగ్గా సరిపోయేది ద్రావా నది వెంట వెళ్లే దారి. ఇటలీలో డొబ్బియాకో దగ్గర, నది పుట్టేచోట మొదలై ఆస్ట్రియాలోని లియెంజ్ చేరుతుంది. దాదాపు 45 కిలోమీటర్లు. డొబ్బియాకో 1,200 మీటర్ల పైన, లియెంజ్ 670 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, కాబట్టి మొత్తం మీద దిగుడే. దారి చాలావరకు సైకిళ్లకే, కార్ల టెన్షన్ ఉండదు. మొదట్లో పిల్లకాలువలా ఉండే నీళ్లు, లోయ ఇరుకయ్యేకొద్దీ రాళ్ల మీద హోరెత్తుతాయి. పాపకి అదే బాగా నచ్చుతుంది. దయచేసి ఎదురు దిశలో మాత్రం మొదలుపెట్టకండి, అంతా ఎక్కుడే.

తిరుగు ప్రయాణానికి రైలుంది, సైకిళ్లు కూడా ఎక్కించుకుంటారు. వేసవి మధ్యాహ్నాల్లో బాగా రద్దీ, అందుకే పొద్దున్నే బయల్దేరండి. సైకిల్ అద్దెకు తీసుకుంటే, లియెంజ్‌లోనే వదిలేయొచ్చా అని ముందే అడగండి. పాప సైకిల్‌కి రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూడండి. వేళ్లు అందకపోతే బ్రేక్ లివర్‌ని హ్యాండిల్‌కి దగ్గరగా బిగించమనండి, ఇంత దిగుడులో అదే ముఖ్యం.