మడోనా పాత సింగిల్స్‌ను వినైల్ మీద సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి, చివర్లో పిక్చర్ డిస్క్‌ల (బొమ్మ ముద్రించిన రికార్డుల) మాట కూడా అడిగారు. దాచుకోవడానికి కాదు, వినడానికే కొంటున్నానన్నారు. అమెరికన్ పాప్ గాయని మడోనా 1980ల నాటి సింగిల్స్‌ను (ఒకటి రెండు పాటలతో విడిగా వచ్చే రికార్డులను) వినైల్ మీద పోగుచేయాలని ఉంది, ముందుగా ఏవి కొనాలి అన్నది ఒకటి. ఆ పాటలన్నీ ఫోన్‌లోనే వినగలుగుతున్నప్పుడు పాత రికార్డుల వెంట పడటంలో అర్థముందా అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెబుతాను. ఎందుకు కొంటున్నారో తేలితే గానీ ఏది కొనాలో తేలదు.

పేరు ఒకటే అయినంత మాత్రాన పాట ఒకటే కాదు. మడోనా పాత పాటలు మనలో చాలామందికి 1990లో వచ్చిన ‘ది ఇమాక్యులేట్ కలెక్షన్’ సంకలనం ద్వారానే తెలుసు. అందులో పాటల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టలేదు. రీమిక్స్‌లు చేసే షెప్ పెటిబోన్ వాటిలో చాలావాటిని మళ్లీ మిక్స్ చేశారు, కొన్నిటిని కుదించారు. పైగా క్యూసౌండ్ అనే పద్ధతి వాడారు. దాంతో శబ్దం స్పీకర్ల అవతలి నుంచి కూడా వస్తున్నట్టు అనిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, కాదనను. కానీ 1985లో జనం విన్న ‘ఇన్‌టు ద గ్రూవ్’ అది కాదు, 1989లో విన్న ‘లైక్ ఎ ప్రేయర్’ కూడా అది కాదు. ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1989 ఆల్బమ్‌లో ఉన్నది స్టీఫెన్ బ్రేతో కలిసి చేసిన రూపం. సింగిల్‌గా వచ్చింది, వీడియోలో వినిపించింది పెటిబోన్ రీమిక్స్. వీడియో చూసి పాట మీద మనసు పడి ఆల్బమ్ కొన్నవాళ్లకు ‘నాకు తెలిసిన పాట ఇది కాదే’ అనిపించడం సహజం.

నేను సింగిల్స్ కొనేది దీని కోసమే. ఆ రికార్డు మీద తప్ప మామూలుగా ఎదురుపడనిది ఏదో ఒకటి దాని మీద ఉండాలి. రెండో వైపున ఆల్బమ్‌లో లేని పాట ఉండొచ్చు, 12 అంగుళాల పొడవాటి మిక్స్ ఉండొచ్చు, సింగిల్ కోసమే చేసిన వేరే రూపం ఉండొచ్చు. ఇవేవీ లేకుండా, ఆల్బమ్‌లోని రెండు పాటల్నే అటొకటి ఇటొకటి వేసిన 7 అంగుళాల రికార్డును కవరు నచ్చితే తీసుకోండి, తప్పేం లేదు. కానీ డబ్బు, అలమరలో చోటు రెండూ పరిమితమైనప్పుడు దాన్ని చివరికి ఉంచుతాను.

12 అంగుళాల సింగిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, అసలు రుచి అక్కడే ఉంది. రికార్డు మీద గాడి పాటను బట్టి అటూ ఇటూ ఊగుతుంది. బాస్ ఎంత లోతుగా, ఎంత గట్టిగా ఉంటే అంత వెడల్పుగా ఊగుతుంది, అంటే అంత ఎక్కువ చోటు తింటుంది. ఎల్పీలో, అంటే పూర్తి ఆల్బమ్ రికార్డులో, ఒక్కో వైపు 20 నిమిషాల పైన పాటలు ఇరికించాలి కాబట్టి శబ్దం తగ్గించి, బాస్‌ను అదుపులో పెట్టి గాడి కోస్తారు. అదే పరిమాణం రికార్డు మీద ఆరేడు నిమిషాల పాట ఒక్కటే ఉంటే గాడికి కావలసినంత చోటు. కొన్ని 12 అంగుళాల సింగిల్స్ నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో, కొన్ని 45 చుట్ల వేగంతో తిరుగుతాయి. 45 అయితే ప్రతి సెకనుకూ ముల్లు కింద 35 శాతం ఎక్కువ గాడి నడుస్తుంది, సన్నటి శబ్దాలు మరింత స్పష్టంగా వస్తాయి. వేగం ఎంతో లేబుల్ మీద చూసి వేయండి.

ఈ పరిమాణం పుట్టిన తీరు కూడా నాకు ఇష్టమైన కథ. 1970ల మధ్యలో న్యూయార్క్ డిస్కోల కోసం మిక్స్‌లు చేసే టామ్ మౌల్టన్ ఒక పాటను పరీక్ష రికార్డుగా కోయించబోతే 7 అంగుళాల ఖాళీ ఫలకాలు అయిపోయాయి. పెద్ద ఫలకం మీద, గాడులను విప్పార్చి, శబ్దం పెంచి కోశారు. విన్నాక మళ్లీ చిన్నదాని వైపు చూడాలనిపించలేదు. 1976లో సాల్‌సోల్ సంస్థ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాటతో దాన్ని జనానికి అమ్మకానికి పెట్టింది. మడోనా వచ్చేనాటికి న్యూయార్క్ క్లబ్బుల్లో నడిచేది 12 అంగుళాల రికార్డే. ఆమె మొదటి సింగిల్ ‘ఎవ్రీబడీ’ 1982లో సైర్ అనే సంస్థ లేబుల్ మీద వచ్చింది. డాన్‌సెటీరియా క్లబ్‌లో డీజేగా ఉన్న మార్క్ కామిన్స్ దాన్ని నిర్మించారు. కవరు మీద ఆమె ముఖం లేదు, ఒక వీధి దృశ్యం కొలాజ్ మాత్రమే ఉంది. పాడింది నల్లజాతి గాయని అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. తర్వాత ప్రపంచంలో ఎక్కువగా ఫోటోలు తీసిన మనుషుల్లో ఒకరైన ఆమె తొలి రికార్డు మీద ఆమె బొమ్మే లేకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మీరు ఏ దేశపు ముద్రణ కొంటున్నారో చూసుకోండి, అమెరికాది, బ్రిటన్‌ది ఒకటి కావు. ‘ఇన్‌టు ద గ్రూవ్’నే తీసుకోండి. బ్రిటన్‌లో అది విడిగా సింగిల్‌గా వచ్చి ఆమెకు అక్కడ మొదటి నంబర్ వన్ అయింది. అమెరికాలో మాత్రం దానికంటూ సింగిల్ లేదు. ‘ఏంజెల్’ 12 అంగుళాల రికార్డుకు రెండో వైపున వేశారు, 7 అంగుళాల దాంట్లో అదీ లేదు. ‘ఏంజెల్’ అమెరికన్ 7 అంగుళాలది కొని ఆ పాట కోసం వెతికేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ‘క్రేజీ ఫర్ యూ’ కూడా ఇలాంటిదే. అది ‘విజన్ క్వెస్ట్’ సినిమా పాట, ఆ సౌండ్‌ట్రాక్ గెఫెన్ సంస్థది. అందుకే సింగిల్ కూడా గెఫెన్ లేబుల్ మీదే వచ్చింది, అమెరికన్ ముద్రణకు రెండో వైపున బెర్లిన్ అనే వేరే బృందం పాట ఉంది. సైర్ లేబుల్ చూసుకుంటూ పెట్టెలు తిరగేస్తే ఇది చేతికి తగిలినా వదిలేస్తారు. అదే సినిమాలోని ‘గ్యాంబ్లర్’ బ్రిటన్‌లో, యూరప్‌లో సింగిల్‌గా వచ్చింది, అమెరికాలో రాలేదు.

ఇక రెండో వైపు పాటలు. 1986 నాటి ‘పాపా డోంట్ ప్రీచ్’ బ్రిటన్ ముద్రణను తిప్పితే ‘ఎయింట్ నో బిగ్ డీల్’ ఉంటుంది. అది మొదటి ఆల్బమ్ రోజుల నాటి పాట. పక్కపక్కనే రెండు వైపులూ వింటే ఆ మధ్య కాలంలో ఆమె గొంతు ఎంత మారిందో తెలుస్తుంది. 1989 నాటి ‘చెరిష్’ వెనుక ‘సూపర్‌నేచురల్’ ఉంది. ఆల్బమ్‌లో చోటు దొరకని పాట, నాకు మాత్రం ముందు వైపు కన్నా అదే ఎక్కువ ఇష్టం. ఇంకో మాట. ‘వోగ్’ను కూడా మొదట 1990లో మరో సింగిల్‌కు రెండో వైపు పాటగా వేద్దామనే అనుకున్నారు. విన్నాక దానికంటూ విడుదల కావాలని సంస్థ వాళ్లు నిర్ణయం మార్చుకున్నారు. రెండో వైపు అంటే మిగిలిపోయిన సరుకు అనేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

ఏ రికార్డు కొనాలో తేల్చుకోవడానికి డిస్కాగ్స్ సైట్ బాగా పనికొస్తుంది. 2000 నుంచి సేకర్తలే కట్టుకుంటూ వచ్చిన జాబితా అది. ఒకే సింగిల్‌కు దేశాల వారీగా, ముద్రణల వారీగా విడివిడి పేజీలుంటాయి. లేబుల్‌కూ చివరి పాటకూ మధ్య ఉండే నున్నటి అంచులో గీసిన లేదా గుద్దిన అక్షరాలు, అంకెలు చూడండి. మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణో చెప్పేది అవే. కవరు మారిపోవచ్చు, ఎవరో వేరే కవరులో పెట్టి ఉండొచ్చు. ఆ రాతలు మారవు. దొంగ ముద్రణల్ని పట్టుకోవడానికీ అవే దారి. కవరు ఫోటో స్కాన్ చేసినట్టు మసకగా ఉండి, అంచు రాతలు జాబితాతో కలవకపోతే కొనకండి.

పోస్టులో తెప్పించుకునేటప్పుడు అమ్మేవాళ్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: రికార్డు ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ విని ఇచ్చారా, చూసి ఇచ్చారా? నియర్ మింట్ (దాదాపు కొత్తది), వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్) అంటూ మెట్లుంటాయి, కానీ చాలామంది దీపం కింద తిప్పి చూసి రాసేస్తారు. పైకి కనిపించే సన్నటి గీతలు కొన్నిసార్లు వినపడనే వినపడవు. అద్దంలా మెరిసే రికార్డు ఒక్కోసారి బరబరమంటుంది. ముఖ్యంగా పాత అమెరికన్ 7 అంగుళాల రికార్డుల్లో కొన్ని అసలు వినైలే కాదు, పాలిస్టైరీన్. వాటిని అచ్చులోకి పోసి చేస్తారు, లేబుల్‌ను తర్వాత అంటిస్తారు. అరిగిన ముల్లుతో నాలుగుసార్లు వేస్తే చాలు, గాడి గోడలు దెబ్బతింటాయి. పైకి ఏమీ తెలియదు, వేస్తే పాట వెనక బుసబుస వినపడుతుంది. నాకొకటి అలాగే వచ్చింది, అమ్మినవారు నియర్ మింట్ అని రాశారు. అడిగితే, వేసి చూడలేదని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు. స్టైరీన్ రికార్డులకు గుండ్రటి మొన ఉన్న కోనికల్ ముల్లు మంచిది.

రెండో కోరిక, రికార్డును కవరులోంచి తీసి, దాని పక్కన విడిగా పెట్టి పంపమని చెప్పండి. దారిలో పడిన దెబ్బలకు రికార్డు అంచే లోపలి నుంచి కవరు అతుకును చీల్చేస్తుంది. పాత కాగితం కవర్లకు ఇది మరీ తొందరగా జరుగుతుంది.

ఇక మీరు అడిగిన పిక్చర్ డిస్క్‌లు. గోడకు పెట్టుకోవడానికి అందంగా ఉంటాయి, వినడానికి నేను కొనను. బొమ్మ కాగితం మీద పలచటి పారదర్శక పొర వేసి దాని మీద గాడి వేస్తారు కాబట్టి సరసర శబ్దం మామూలు నల్ల రికార్డు కంటే ఎక్కువ. 1992లో బ్రిటన్‌లో ‘ఎరోటికా’ 12 అంగుళాల పిక్చర్ డిస్క్‌ను తయారుచేసి, అమ్మకానికి రాకముందే వెనక్కి తీసుకున్నారు. బయటికి వచ్చిన కొద్ది రికార్డులే దాన్ని సేకర్తల కలగా మార్చాయి. అలాంటిది చవగ్గా కనిపిస్తే ముందు అనుమానించండి.

శుభ్రం చేయడం పెద్ద పని కాదు. వేసే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్, మురికి పట్టినదానికి డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు, గాడి వెంబడి మెత్తటి బట్టతో తుడవడం, లేబుల్ తడవకుండా చూడటం. పీవీసీ కవర్లు మాత్రం వద్దు, ఏళ్లు గడిస్తే రికార్డు మీద పొగ కమ్మినట్టు మచ్చ వేస్తాయి. పాలిథీన్ లోపలి కవర్లు వాడి, నిలువుగా నిలబెట్టండి. అమెరికన్ 7 అంగుళాల వాటికి మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, అడాప్టర్ ఒకటి దగ్గర ఉంచుకోండి.

అన్ని దేశాల ముద్రణలూ, అన్ని రంగులూ కావాలనే సేకర్తలను నేను తప్పుపట్టను, అది వేరే ఆనందం. మీరు వినడానికి కొంటున్నానన్నారు కాబట్టి, ఒక్కో సింగిల్‌కు బాగా మోగే రికార్డు ఒక్కటి చాలంటాను. అమెరికన్ ‘ఏంజెల్’ 12 అంగుళాలది, బ్రిటన్ ముద్రణ ‘పాపా డోంట్ ప్రీచ్’, ‘చెరిష్’ 7 అంగుళాలవి, ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’ ఏదో ఒక పరిమాణంలో, వీటితో మొదలుపెట్టండి. అప్పట్లో లక్షల్లో అమ్ముడైనవి కాబట్టి మంచి రికార్డు కోసం ఆగి ఏరుకోవచ్చు. తర్వాత గెఫెన్ ‘క్రేజీ ఫర్ యూ’, యూరప్ ‘గ్యాంబ్లర్’. ‘ఎవ్రీబడీ’ 12 అంగుళాలదానికి మాత్రం తొందరపడకండి. క్లబ్బుల్లో డీజేలు అరిగిపోయేలా వాడిన రికార్డు అది, పైగా రెండో వైపున డబ్ వెర్షన్ (పాడిన గొంతు తగ్గించి వాయిద్యాలకు చోటిచ్చిన రూపం) ఉంది కాబట్టి రెండు వైపులూ నలిగి ఉంటాయి. అమ్మేవాళ్లు రెండు వైపులూ వేసి విన్నామని చెప్పినప్పుడే తీసుకోండి.