పాఠకుల ప్రశ్న: ఇంగ్లండులోని లీజు ఫ్లాటుకు గడువు పెంచుకోవడం

ప్రశ్న: మా అబ్బాయి 2023లో ఇంగ్లండులోని రీడింగ్ పట్టణంలో బ్యాంకు అప్పుతో ఒక ఫ్లాటు కొన్నాడు. సొంత ఇల్లు అయిందని మేమంతా సంతోషపడ్డాం. ఈ మధ్య ఆ స్థలం యజమానులైన కంపెనీ నుంచి వాడికి ఒక ఉత్తరం వచ్చింది. ఫ్లాటు లీజు 2008 సెప్టెంబరు 29 నుంచి 99 ఏళ్లకేనని, 28 రోజుల్లో ఒప్పుకుంటే దాన్ని 125 ఏళ్లకు పెంచుతామని, ఏటా కట్టే 200 పౌండ్ల భూమి అద్దె మాత్రం కొనసాగుతుందని అందులో ఉంది. కొత్త చట్టంతో 990 ఏళ్లు వస్తాయట, అప్పటిదాకా ఆగుతానని వాడు అంటున్నాడు. హనుమకొండ చౌరస్తాలో మడిగె కిరాయికి తీసుకున్నట్టు ఇల్లు కొనడమేమిటో నాకు అర్థం కావడం లేదు. మావాడు మోసపోయాడా? హసన్‌పర్తిలోని 200 గజాల ప్లాటు అమ్మి డబ్బు పంపమంటారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, నయీంనగర్, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి మోసపోలేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో ఫ్లాట్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే చేతులు మారుతాయి. మన దగ్గర అపార్ట్‌మెంటు ఫ్లాటు దస్తావేజు చివరి షెడ్యూలు చూస్తే, ఫ్లాటు కొలతలతో పాటు కింది స్థలంలో ఇన్ని చదరపు గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంటుంది. రేపు భవనం పాతబడి కూలగొట్టినా ఆ గజాలు కొన్నవారివే. అక్కడి లీజు ఫ్లాటు కాగితాల్లో ఆ వాక్యం ఉండదు. స్థలం వేరొకరిది, అందులో ఉండే హక్కు, అమ్ముకునే హక్కు, వారసులకు ఇచ్చే హక్కు లీజు నడిచినంత కాలం కొన్నవారివి. అయితే మడిగె యజమాని గడువు పెంచనంటే మనం చేయగలిగింది తక్కువ. మొదట 21 ఏళ్లకు మించి రాసిన ఫ్లాటు లీజును పెంచనని అక్కడి స్థల యజమాని సాధారణంగా అనలేడు. 1993 నాటి లీజ్‌హోల్డ్ రిఫార్మ్, హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ చట్టం ప్రకారం, తగిన మూల్యం చెల్లిస్తే మిగిలిన గడువుకు మరో 90 ఏళ్లు కలుస్తాయి, భూమి అద్దె ఒక మిరియపు గింజకు తగ్గిపోతుంది. చట్టంలో వాడిన మాటే అది. సున్నా అని దాని అర్థం.

కనుక కంపెనీ ఉత్తరంలోని 28 రోజుల గడువుకు భయపడవలసిన పని లేదు. అది వారు పెట్టుకున్న గడువే కాని చట్టం పెట్టినది కాదు. పైగా 125 ఏళ్లంటే పెద్ద అంకెలా కనిపిస్తుంది కాని, చట్టం ఇచ్చే గడువుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఇలా ఇష్టపూర్వకంగా కుదుర్చుకునే ఒప్పందంలో పాత లీజు కాలం ముగిసేదాకా పాత అద్దె వసూలు చేసుకోవడానికి 2022 నాటి భూమి అద్దె చట్టం కూడా అనుమతిస్తుంది. అందువల్ల ఆ ఉత్తరం మీద సంతకం చేయవద్దని నా గట్టి సలహా.

మీరు నిజంగా పట్టించుకోవలసిన తేదీ ఉత్తరంలోనే, మొదటి వాక్యంలో ఉంది. ఉగాదికి కౌలు మాట్లాడుకున్నట్టు అక్కడ పూర్వం నుంచి మార్చి 25, సెప్టెంబరు 29 వంటి రోజులను లీజు లెక్కలకు వాడుతున్నారు. 2008 సెప్టెంబరు 29 నుంచి 99 ఏళ్లంటే, 2027 సెప్టెంబరు చివరికి మిగిలేది 80 ఏళ్లు. ఆ గీత దాటి కిందికి దిగితే, లీజు పెరగడం వల్ల ఆస్తికి వచ్చే అదనపు విలువలో సగం స్థల యజమానికి ఇవ్వాలి. దీన్ని అక్కడ మ్యారేజ్ వాల్యూ అంటారు. ఊహాంకెలతో చెబుతాను. గడువు పెరిగాక ఫ్లాటు విలువ 2,50,000 పౌండ్లు, ఇప్పుడు 2,30,000, యజమానికి అందులో ఉన్న హక్కు విలువ 8,000 అనుకుందాం. 80 ఏళ్లకు పైన ఉండగా అడిగితే చెల్లించేది దాదాపు ఆ 8,000 మాత్రమే. తర్వాత అడిగితే మిగిలిన 12,000లో సగం కలిసి 14,000 అవుతుంది. గడువు పెంచమని యజమానికి ఇచ్చే నోటీసు అందిన రోజునే లెక్కకు తీసుకుంటారు కాబట్టి, ఆ తర్వాత బేరం ఎన్ని నెలలు సాగినా నష్టం లేదు.

మీ అబ్బాయి చెప్పిన 990 ఏళ్ల మాట అబద్ధం కాదు. 2024 మే 24న ఆమోదం పొందిన చట్టంలో అది ఉంది, మ్యారేజ్ వాల్యూ రద్దు కూడా ఉంది. కాని ఈ జవాబు రాసే నాటికి ఆ రెండూ అమలులోకి రాలేదు. ఫ్లాటు కొన్నాక రెండేళ్లు ఆగాలన్న పాత నిబంధన మాత్రం 2025 జనవరి 31న తొలగిపోయింది. లీజులో 90 ఏళ్లు మిగిలి ఉంటే ఆగమని నేనే చెప్పేవాణ్ణి. గీతకు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు అమలు తేదీ తెలియని చట్టాన్ని నమ్ముకుని కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

ముందుగా లీజు విలువ కట్టడంలో అనుభవమున్న సర్వేయరు చేత అంచనా వేయించుకుని, ఈ పని తెలిసిన సొలిసిటరు (అక్కడి లాయరు) ద్వారా 1993 చట్టంలోని 42వ సెక్షను కింద నోటీసు ఇప్పించాలి. జవాబుకు యజమానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. జవాబు వచ్చాక మూల్యం కుదరకపోతే, రెండు నెలల తర్వాత, ఆరు నెలలు దాటకుండా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ ఆరు నెలలు దాటితే నోటీసు రద్దయినట్టే, మళ్లీ ఇవ్వడానికి ఏడాది ఆగాలి. యజమాని తరపు సర్వేయరు, లాయరు ఖర్చులు న్యాయమైనంత వరకు ప్రస్తుతం మీ అబ్బాయే భరించాలి కాబట్టి ఆ డబ్బు కూడా లెక్కలో పెట్టుకోమనండి. ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉచితంగా సలహా ఇస్తుంది.

ఇక మీరు పంపే డబ్బు సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. కొడుక్కి ఇచ్చే కానుకగా పంపితే 10 లక్షల రూపాయలు దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. రిటర్ను వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగి వస్తుంది. ఆ పరిమితి మీకూ మీ ఇంటావిడకూ వేర్వేరు. సర్వేయరు అంచనా చేతికి వచ్చేదాకా హసన్‌పర్తి ప్లాటుకు బేరం పెట్టకండి.