ఏఐ చదవాలని ఉంది: సీఎస్ఎం తీసుకోవాలా, సీఎస్ఈనా, ఈసీఈనా?

నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మాచర్ల దగ్గర ఊరు, మిర్చి వేసే కుటుంబం. విజయవాడ హాస్టల్లో ఉండి ఎంపీసీ సెకండియర్ చదువుతున్నావు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (ఏఐ) అంటే ఇష్టం, రోబోల్లాంటి యంత్రాలు చేయాలనీ ఉంది. లెక్చరర్ సీఎస్ఎం (ఏఐ కలిపిన కంప్యూటర్ సైన్స్) పెట్టుకోమంటున్నారు, నాన్నగారు మామూలు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) చాలంటున్నారు, బాబాయేమో ఏఐ వచ్చాక కోడింగ్ ఉద్యోగాలే ఉండవట అని భయపెడుతున్నారు. ఇంటర్ చదివే పిల్లవి కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా.

నేను చదివింది ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్, కోస్తాలో జేఎన్టీయూ కింద ఉండే ఒక మామూలు ప్రైవేటు కాలేజీలో. ఇప్పుడు హైదరాబాద్‌లో, కెమెరాతో వస్తువుల్లో లోపాలు పట్టే సిస్టమ్స్ చేసే చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. మా కస్టమర్లు ఎక్కువగా మందుల ఫ్యాక్టరీలు. ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకు కూడా కూర్చుంటాను కాబట్టి, కొత్తగా బయటికొచ్చే పిల్లలకు ఏమొచ్చు, ఏం రాదు అనేది దగ్గర్నుంచే చూస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, బ్రాంచి పేరులో ఏఐ ఉందా లేదా అన్నది అన్నిటికంటే చివర చూడాల్సిన సంగతి. నీ ర్యాంకుకు వచ్చే వాటిలో ఒక మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈయో ఈసీఈయో, ఓ మాదిరి కాలేజీలో సీఎస్ఎమ్మో వస్తే, నేనైతే కళ్లు మూసుకుని మంచి కాలేజీనే పైన పెడతాను. ఒకే కాలేజీలో సీఎస్ఈ, సీఎస్ఎం రెండూ వస్తుంటే మాత్రం ఏది తీసుకున్నా పెద్ద తేడా లేదు.

ఎందుకంటే ఈ సీఎస్ఎం అనేది సీఎస్ఈకే ఏఐ, మెషిన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపించి కంప్యూటర్‌కి నేర్పే పద్ధతి) సబ్జెక్టులు తగిలించిన బ్రాంచి. దేశంలో మొట్టమొదట ఏఐలో బీటెక్ పెట్టింది ఐఐటీ హైదరాబాద్, 2019లో, అదీ 20 సీట్లతో. ఆ తర్వాత కొద్ది కాలానికే మన ప్రైవేటు కాలేజీల్లోనూ ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అంటూ బ్రాంచీలు వరసపెట్టి వచ్చేశాయి. 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచికి 240 సీట్లే ఉండాలన్న పరిమితి కూడా ఎత్తేసింది. సీట్లు పెంచడానికి ఒక అనుమతి కాగితం చాలు. పాఠం చెప్పగలిగే మనిషి అంత తొందరగా దొరకడు. చాలా కాలేజీల్లో నిన్నటిదాకా సీఎస్ఈకి డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) చెప్పినవారే ఇవాళ సీఎస్ఎంకి డీప్ లెర్నింగ్ (మెషిన్ లెర్నింగ్‌లోనే పై మెట్టు) చెబుతున్నారు. వారిని తప్పుపట్టడం లేదు, నేర్చుకునే టైమ్ కూడా ఇవ్వకుండా నెత్తిన పెడతారు పాపం.

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు రెండు పనులు చెయ్యి. ఒకటి, ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో సీఎస్ఈ సిలబస్, సీఎస్ఎం సిలబస్ దించుకుని పక్కపక్కన పెట్టి చూడు. ఆర్ 23 (2023 రెగ్యులేషన్) లాంటి పేరుతో ఉంటాయి. మొదటి రెండేళ్లు చాలావరకు ఒకటే అని నీకే తెలుస్తుంది. రెండోది, ఆ కాలేజీలో థర్డియర్ చదువుతున్న ఎవరినైనా పట్టుకో. ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయి అని అడగకు, ఎవరో ఒక్కరికి వచ్చిన హైయెస్ట్ ప్యాకేజీ చెప్పేస్తారు. మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో ఏం చేస్తారో అడుగు. రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడమే ల్యాబ్ అయితే వాళ్ల మాటల్లోనే తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి, లెక్కలు. ఏఐ అంటే కోడింగ్ అనుకుని చాలామంది పైథాన్ కోర్సుతో మొదలుపెడతారు. పైథాన్ కొన్ని వారాల్లో చేతికొస్తుంది. నువ్వు ఇప్పుడు ఎంసెట్ కోసం బట్టీ పడుతున్న మ్యాథ్స్ ఉంది చూశావూ, అక్కడే ఉంది ఏఐ అంతా. మ్యాట్రిక్సులు, వెక్టర్లు, డెరివేటివ్స్, ప్రాబబిలిటీ. ఒక చిన్న లెక్క చూపిస్తాను, పెన్ను తీసుకుని నాతోపాటు చెయ్యి.

ఇన్‌పుట్ 3. రావలసిన జవాబు 9. మోడల్ (ఇన్‌పుట్ తీసుకుని జవాబు చెప్పే ప్రోగ్రామ్) చేతిలో ఉన్నది ఒకే ఒక్క గుణకం, ప్రస్తుతానికి దాని విలువ 2. మూడు రెళ్లు ఆరు కాబట్టి మోడల్ 6 అని చెప్పింది. రావలసినదానికి 3 తక్కువ, వర్గం చేస్తే ఎర్రర్ 9. ఈ ఎర్రర్‌ని గుణకం దృష్ట్యా డిఫరెన్షియేట్ చెయ్యి, చైన్ రూలే కదా: రెండు ఇంటూ మైనస్ 3 ఇంటూ 3, అంటే -18. అడుగు చిన్నదిగా ఉండటానికి దాన్ని 0.01తో గుణించి, వచ్చినదాన్ని గుణకంలోంచి తీసెయ్యి. 2 కాస్తా 2.18 అవుతుంది. ఇప్పుడు మోడల్ చెప్పే జవాబు 6.54. ఎర్రర్ 9 నుంచి 6.05కి దిగింది. ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తూ పోతే గుణకం మెల్లగా 3 దగ్గరికి చేరుతుంది. మోడల్‌ని ట్రెయిన్ చేయడం అంటే ఇదే. చాట్‌బాట్‌ల వెనక ఉండే పెద్ద మోడళ్లలో ఇలాంటి గుణకాలు వందల, వేల కోట్లు ఉంటాయి, అన్నిటికీ ఒకేసారి ఈ లెక్క చేయాలి కాబట్టి మ్యాట్రిక్సులు కావాలి, జీపీయూలు (ఇలాంటి లెక్కలు ఒకేసారి చేసే చిప్‌లు) కావాలి. ఈ లెక్క చేస్తుంటే నీకు సరదా అనిపించిందా, లేక ఎప్పుడు అయిపోతుందా అనిపించిందా? ఆ జవాబు బ్రాంచి ఎంచుకోవడంలో నా సలహా కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంజనీరింగ్ కూడా ఇష్టమే అన్నావు కదా, అది చాలా మంచి మాట. మా పనిలో జరిగిన ఒకటి చెబుతాను. ఒక మందుల ఫ్యాక్టరీలో ట్యాబ్లెట్ స్ట్రిప్పులు బెల్టు మీద వెళ్తుంటే పైనుంచి కెమెరా ఫోటో తీస్తుంది. ఏదైనా గడిలో ట్యాబ్లెట్ లేకపోయినా, విరిగినా మా సాఫ్ట్‌వేర్ పట్టుకుని ఆ స్ట్రిప్పును పక్కకి తోసేయించాలి. పొద్దున్నంతా బ్రహ్మాండంగా పనిచేసేది. మధ్యాహ్నం నాలుగు దాటాక మంచి స్ట్రిప్పుల్ని కూడా తోసేయడం మొదలుపెట్టేది. మా టీమ్‌లో అందరం మోడల్ వైపే చూస్తున్నాం, డేటా పెంచుదామా, ట్రెయినింగ్ మార్చుదామా అని. చివరికి ఆ లైను మీద పనిచేసే ఆపరేటర్ ఒకాయన, మెకానికల్ డిప్లొమా చేసినాయన, పడమటి కిటికీ చూపించాడు. ఎండ ఏటవాలుగా వచ్చి స్ట్రిప్పు అల్యూమినియం రేకు మీద పడి మెరుస్తోంది. ఆ మెరుపునే మోడల్ విరిగిన ట్యాబ్లెట్ అనుకుంటోంది. కెమెరా చుట్టూ నల్ల రేకుతో ఒక డబ్బా చేయించి, లోపల మా లైట్లే పెట్టాం. కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు.

కాబట్టి రోబోల మీద నిజంగానే మనసుంటే ఈసీఈని తక్కువగా చూడకు. సెన్సర్లు, సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ అక్కడే నేర్పుతారు. ఈసీఈలో చేరి పైథాన్, మెషిన్ లెర్నింగ్ సొంతంగా నేర్చుకోవడం జరిగే పనే. సీఎస్ఈలో చేరి సిగ్నల్స్ సొంతంగా నేర్చుకున్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు చెన్నై గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్, 1958లో పాసయ్యారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, 1994లో ఏఐ పనికే ట్యూరింగ్ అవార్డు (కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దది) తీసుకున్నారు. ఆ కాలం వేరు, ఇప్పుడు సివిల్ తీసుకోమని నేను చెప్పను. డిగ్రీ మీద రాసున్న పేరు మనిషిని అక్కడే కట్టిపడేయదని చెప్పడానికే ఈ మాట.

ఇంటర్వ్యూల్లో ఏం చూస్తామో కూడా విను. రెజ్యూమెల్లో ప్రాజెక్టులన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి. ఫేక్ న్యూస్ డిటెక్షన్, హార్ట్ డిసీజ్ ప్రిడిక్షన్, అక్యురసీ 98 శాతం, 99 శాతం. సగం ప్రాజెక్టులు హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర డాక్యుమెంటేషన్‌తో సహా కొన్నవని వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. వెయ్యి స్ట్రిప్పుల్లో పది మాత్రమే పాడైనవి ఉన్నాయనుకో, మోడల్ ఏమీ చూడకుండా అన్నీ బాగున్నాయని చెప్పేస్తే దాని అక్యురసీ ఎంత? 99 శాతం. మరి నీ 99 శాతం కూడా అలాంటిదేనా, కాదా, ఎలా తేల్చావు? ఇక్కడ చాలామంది ఆగిపోతారు. మొన్నామధ్య ఒక చిన్న కాలేజీ నుంచి వచ్చిన ఈఈఈ (ఎలక్ట్రికల్) అమ్మాయి మాత్రం కాగితం అడిగి, పట్టుకున్నవెన్ని, వదిలేసినవెన్ని అని నాలుగు గళ్లు గీసి వివరించింది. ఆమె బ్రాంచి ఏమిటో నేను రెజ్యూమెలో చూసింది ఆ తర్వాతే.

నీకు మాత్రం అమీర్‌పేట అక్కర్లేదు, మీ కళ్లంలోనే ప్రాజెక్టు ఉంది. మిర్చి ఆరబోశాక మంచికాయనీ తాలునీ (రంగు పోయిన నాసి కాయనీ) వేరు చేస్తారు కదా. ఈ సీజన్లో ఇంటికెళ్లినప్పుడు ఫోన్‌తో కాయల్ని ఒక్కొక్కటిగా ఫోటోలు తియ్యి, కొన్ని పొద్దున, కొన్ని సాయంత్రం, కొన్ని నీడలో. ఏది తాలో, ఏది కాదో మీ అమ్మగారిని రాయమను, నాన్నగారిని విడిగా రాయమను. కొన్ని కాయల దగ్గర ఇద్దరి మాటా కలవదు, చూడు. సగం తెలుపు తిరిగిన కాయని ఆవిడ తాలంటుంది, ఈయన మార్కెట్ యార్డులో నడుస్తుందిలే అంటాడు. ఇంట్లో ఇద్దరికే మాట కలవని చోట మోడల్‌కి ఏది సరైన జవాబని నేర్పుతావు? మేం ఫ్యాక్టరీల్లో రోజూ కొట్టుకునేది ఈ ప్రశ్నతోనే. ఇది సొంతంగా తేల్చుకుని వచ్చిన పిల్లతో నేను గంటసేపైనా మాట్లాడతాను. కానీ ఇదంతా పరీక్షలయ్యాకే, ఇప్పుడు వద్దు.

బాబాయి గారి భయం సంగతి. అందులో నిజం లేకపోలేదు. చెప్పిన చిన్న కోడ్ రాసిపెట్టే పనికి ఒకప్పుడు ఫ్రెషర్లని గుంపులుగా తీసుకునేవారు, ఆ పనిలో చాలా భాగం ఇప్పుడు ఏఐ టూల్స్ చేస్తున్నాయి. మా ఆఫీసులోనూ అంతే. కానీ ఆ టూల్ ఇచ్చిన కోడ్ సరైందో కాదో చూడటానికి, ఫ్యాక్టరీకి వెళ్లి ఎండ ఎక్కణ్నుంచి పడుతోందో కనిపెట్టడానికి మనిషి కావాలి. నాలుగేళ్ల తర్వాత మార్కెట్ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్లని నమ్మకు. లెక్కలు, ప్రోగ్రామింగ్, ఒక యంత్రమో సర్క్యూట్టో, ఈ మూడూ తెలిసినవాళ్లకి పనిలేని రోజు మాత్రం నేను చూడలేదు.

ర్యాంకు బాగా వస్తుందనుకుంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా ఐఐటీ హైదరాబాద్ ఏఐ, ఐఐటీ మద్రాస్ 2024లో పెట్టిన ఏఐ అండ్ డేటా అనలిటిక్స్ బీటెక్ ఉన్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా చూడు, ముఖ్యంగా భాషల మీద ఏఐ పని ఇష్టమైతే. ఇవేవీ రాకపోయినా దారి మూసుకుపోదు. 2024 నుంచి గేట్‌లో (బీటెక్ తర్వాత ఎంటెక్ ప్రవేశానికి రాసే పరీక్ష) డేటా సైన్స్ అండ్ ఏఐ అని విడిగా పేపర్ వచ్చింది. దాని సిలబస్ ఇప్పుడే ఒకసారి తెరిచి చూడు, మొదట్లోనే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, క్యాలిక్యులస్ కనిపిస్తాయి. కాలేజీలో సరిగ్గా చెప్పకపోతే ఐఐటీ మద్రాస్ మితేష్ ఖాప్రా గారి డీప్ లెర్నింగ్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్) ఉచితంగా ఉన్నాయి. ఫస్టియర్ మ్యాథ్స్ అయ్యాక మొదలుపెట్టు, ముందే పెడితే తల తిరుగుతుంది.

చివర్లో ల్యాప్‌టాప్ గురించి అడిగావు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నదే కావాలని లక్ష రూపాయలు పెట్టించకు నాన్నగారి చేత. మొదటి రెండేళ్లకి 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలుది చాలు. జీపీయూ అవసరమైనప్పుడు గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే సర్వీసు) కొంతసేపు ఉచితంగానే దొరుకుతుంది. మిర్చి ఫోటోలకి అది సరిపోతుంది. హాస్టల్ వైఫై ఎలాగూ నమ్మలేం, ఫోన్ డేటా ప్యాక్ మాత్రం కాస్త పెద్దది వేయించుకో.