టెక్ సందేహాలు: సచిన్ ఒక్కడే, జాతకాలు మూడా?

ప్రశ్న: సచిన్ టెండూల్కర్ జాతకచక్రం చూద్దామని 24-4-1973, ముంబై, సాయంత్రం 4:20 అని మూడు ఆప్‌లలో ఇచ్చాను. మొదటిదాంట్లో రవి వృషభంలో ఉన్నాడు. రెండోదాంట్లో రవి మేషం, లగ్నం (పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న రాశి) కన్య. మూడోదాంట్లో రవి మేషమే కానీ లగ్నం వృశ్చికం. ఏది సరైనది?

జవాబు: మీరిచ్చిన వివరాలకు రెండోదే సరైన లెక్క. మిగతా రెండిట్లో తప్పు సెట్టింగుల్లో ఉంది.

మొదటి ఆప్ సాయన పద్ధతిలో, అంటే రాశిచక్రాన్ని నక్షత్రాల నుంచి కాక వసంత విషువత్తు నుంచి మొదలుపెట్టి లెక్క కట్టింది. పాశ్చాత్య జ్యోతిషం కోసం చేసిన ఆప్‌లు మామూలుగా అలాగే కడతాయి. సెట్టింగుల్లో 'ట్రాపికల్' అని ఉన్నచోట 'సైడీరియల్' (నక్షత్రాల ఆధారంగా కట్టే మన నిరయన పద్ధతి) పెట్టి, అయనాంశ (ఈ రెండు పద్ధతుల మధ్య డిగ్రీల తేడా) కింద 'లాహిరి' ఎంచుకోండి. కొన్నిట్లో దాన్నే 'చిత్రపక్ష' అంటారు. 1973లో లాహిరి అయనాంశ దాదాపు 23 డిగ్రీల 29 నిమిషాలు. ఆ రోజు రవి సాయనంలో వృషభం 4 డిగ్రీలు దాటి ఉన్నాడు. అందులోంచి అయనాంశ తీసేస్తే మేషం పదిన్నర డిగ్రీలకు వస్తాడు. రవికి పరమోచ్చ, అంటే అత్యంత బలమైన స్థానం, మేషంలో 10వ డిగ్రీ. సచిన్ జాతకం గురించి రాసేవాళ్లు ముందుగా ఎత్తుకునే మాట ఇదే కాబట్టి, మీ ఆప్‌లో రవి అక్కడ లేకపోతే ముందు అయనాంశనే అనుమానించండి.

మూడో ఆప్‌లో టైమ్‌జోన్ సున్నా దగ్గర ఉండిపోయింది. అది సాయంత్రం 4:20ని గ్రీన్‌విచ్ సమయం అనుకుంది, అంటే మన గడియారంలో రాత్రి 9:50. లగ్నం ఒక్కో రాశిలో సుమారు రెండు గంటలుంటుంది. అయిదున్నర గంటలు జరిగేసరికి కన్య కాస్తా వృశ్చికమైంది. ఊరు పేరు టైప్ చేసి వదిలేయకుండా కింద వచ్చే జాబితాలోంచి ఎంచుకుంటే +5:30 దానంతటదే పడుతుంది. అప్పుడు కూడా అక్షాంశం 19, రేఖాంశం 72.8 దరిదాపుల్లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఊరు మార్చడం మరిచిపోయి న్యూఢిల్లీతోనే చక్రం వేసేవాళ్లు చాలామంది. రేఖాంశంలో ఒక డిగ్రీ తేడాకి నాలుగు నిమిషాలు. ఢిల్లీ, ముంబైల మధ్య అది పదిహేడు నిమిషాలకు పైనే.

ఇవన్నీ సరిచేసినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. ఆ 4:20 ఎక్కడిది? పుట్టిన తేదీ, ఊరు అందరికీ తెలిసినవే. గంటా నిమిషం మాత్రం ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కోలా ఉంటుంది. ఆ రోజు ముంబైలో మధ్యాహ్నం సుమారు రెండు నుంచి నాలుగు దాకా సింహ లగ్నం, నాలుగు దాటాక కన్య. 3:50 అని వేసి చూడండి, పన్నెండు భావాలూ ఒక్కో ఇల్లు జరుగుతాయి. చంద్రుడికి అంత ఇబ్బంది లేదు. ఆ మధ్యాహ్నం ధనుస్సులోనే, పూర్వాషాఢలోనే ఉన్నాడు. కానీ దశలు (జీవితంలో ఒక్కో గ్రహం వంతుకు వచ్చే కాలాలు) మళ్లీ గడియారానికే కట్టుబడి ఉంటాయి. నక్షత్రం 13 డిగ్రీల 20 నిమిషాలు, పూర్వాషాఢకు శుక్ర దశ 20 ఏళ్లు. చంద్రుడు గంటకు అర డిగ్రీ నడుస్తాడు, కాబట్టి పుట్టిన సమయం గంట తప్పితే దశల తేదీలన్నీ సుమారు తొమ్మిది నెలలు జరుగుతాయి. లాహిరి బదులు రామన్ అనే మరో అయనాంశ పెడితే తేడా దాదాపు ఒకటిన్నర డిగ్రీ, అంటే దశల తేదీలు దాదాపు రెండేళ్ల దాకా జరగొచ్చు. ఫలానా శతకం కొట్టిన రోజున ఫలానా అంతర్దశ (దశలోని చిన్న భాగం) అని ఎవరైనా గట్టిగా చెబితే, ఏ సమయానికి, ఏ అయనాంశతో లెక్క కట్టారో అడగండి. సమయం తెలియనప్పుడు చంద్ర లగ్నం నుంచి, అంటే చంద్రుడున్న రాశినే లగ్నంగా తీసుకుని చూడటం పాత పద్ధతే. సాఫ్ట్‌వేర్‌లో ఆ చక్రం విడిగా దొరుకుతుంది.

ప్రశ్న: మైకేల్ ఫెల్ప్స్ జాతకానికి టైమ్‌జోన్ మైనస్ 5 పెట్టాలా, మైనస్ 4 పెట్టాలా? మా అమ్మాయి కూడా అమెరికాలోనే పుట్టింది, తన చక్రంలోనూ ఇదే గందరగోళం.

జవాబు: ఫెల్ప్స్ పుట్టింది 1985 జూన్ 30న, బాల్టిమోర్‌లో. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి మైనస్ 4. 'డేలైట్ సేవింగ్' గడి విడిగా ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అయితే మైనస్ 5 ఉంచి ఆ గడిలో టిక్ పెట్టాలి. మైనస్ 4 పెట్టి, టిక్ కూడా పెడితే గంట రెండుసార్లు పోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. మీ అమ్మాయి విషయంలోనూ జనన ధ్రువపత్రంలోని సమయాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వండి, గంట తీసేసి రాయకండి.

మన దేశానికీ ఇలాంటి గంట ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా గడియారాలు +6:30 మీద నడిచాయి. స్పిన్నర్ బి.ఎస్. చంద్రశేఖర్ 1945 మే 17న మైసూరులో పుట్టారు. ఆయన చక్రానికైనా, ఆ ఏళ్లలో పుట్టిన మీ తాతగారి చక్రానికైనా ఆప్ +5:30 చూపిస్తుంటే చేత్తో మార్చాలి.

ప్రశ్న: చాట్‌బాట్‌ని అడిగితే క్రీడాకారుల జాతకం క్షణంలో రాసిస్తోంది. వాడుకోవచ్చా?

జవాబు: విడిగా గణిత సాధనం వాడకపోతే అది గ్రహాలను లెక్కకట్టదు, నోటికొచ్చింది రాస్తుంది. పట్టుకోవడం తేలిక. రాహుకేతువులు సరిగ్గా 180 డిగ్రీల దూరంలో ఉండాలి. బుధుడు రవికి 28 డిగ్రీలు, శుక్రుడు 48 డిగ్రీలు మించి దూరం పోరు. ఏప్రిల్ 24న పుట్టినవాళ్లకు నిరయన రవి మేషంలోనే ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా మిగతాది చదవక్కర్లేదు. స్థానాల కోసం పి.వి.ఆర్. నరసింహారావు గారి జగన్నాథ హోర వాడండి. విండోస్‌లో ఉచితం. ఇన్‌స్టాల్ చేశాక నెట్ లేకుండానే నడుస్తుంది కనుక ఇంట్లోవాళ్ల పుట్టిన వివరాలు బయటి సర్వర్లకు వెళ్లవు. సచిన్ తేదీ ఊరంతా తెలుసు, మీది తెలియక్కర్లేదు.