దిండు కింద చపాతీలు

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు. అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయింది. ఫోస్టర్ కేర్ కింద (దత్తత కాకుండా, కొంతకాలం పెంచడానికి) పదేళ్ళ బాబును ఇంటికి తెచ్చుకుని నాలుగు నెలలైంది. కడుపునిండా పెడుతున్నా చపాతీలు, అన్నం ముద్దలు దిండు కింద దాస్తున్నాడు. చీమలు పడుతున్నాయి. అడిగితే ‘నేను కాదు’ అంటాడు. నెలకోసారి ఆదివారం వాళ్ళమ్మ వచ్చి చూసి వెళ్తుంది. మర్నాడు బడిలో ఎవరో ఒకరిని కొడతాడు. మా అత్తగారు ‘తిరిగి పంపించెయ్’ అంటున్నారు. మావారేమో రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. నాకేమో వాణ్ణి దత్తత తీసుకోవాలని ఆశ. ఏం చెయ్యమంటారు మేడమ్?
– పేరు వద్దు

జవాబు: ముందు ఆ చపాతీల సంగతి చూద్దామమ్మా. పిల్లల హోమ్‌లో కౌన్సెలర్‌గా ఉన్న రోజుల్లో పరుపులు దులిపితే చాలు, ఏదో ఒకటి రాలేది: బిస్కెట్ ముక్క, ఎండిపోయిన ఇడ్లీ, ఒకసారి నోట్‌బుక్ కాగితంలో చుట్టిన ఉప్మా. పస్తులున్న పిల్లలకి ఈ పూట కడుపు నిండినా రేపటి భయం పోదు. అది పోవడానికి నాలుగు నెలలు చాలవు.

మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఒకటి వాడికివ్వండి. అందులో జంతికలు, పల్లీ ఉండలు పోసి మంచం పక్కనే పెట్టండి. ‘ఇది నీది, అయిపోతే నింపుతా’ అని ఒక్కసారి చెప్తే చాలు. ఎన్ని తిన్నాడో లెక్క చూడకండి. అర్ధరాత్రి మూత చప్పుడైనా లేవకండి. వంటింటికి తాళం మాత్రం వెయ్యొద్దు (మీ అత్తగారు ఆ సలహా కూడా ఇచ్చే ఉంటారు). దిండు కింద మళ్ళీ దొరికితే తీసి పారేసి ఊరుకోండి. ‘ఎవరు పెట్టారు?’ అని నిలదీస్తే వాడితో అబద్ధం మీరే ఆడించినట్టు.

మీవారికి చెప్పండి: మన సంరక్షణలో ఉన్న పిల్లల్ని కొట్టి హింసిస్తే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అటుంచండి, దెబ్బలు వాడికి కొత్తేం కాకపోవచ్చు. వాటికి దారికొచ్చేవాడైతే ఈపాటికి వచ్చేవాడే. అంతకన్నా నాకు టెన్షన్ మీ అత్తగారి మాటతోనే. ‘పంపించేస్తాం’ అన్నది చెవిన పడితే, ఎప్పుడు పంపిస్తారో చూద్దామని పిల్లలు ఇంకా రెచ్చిపోతారు. వాడి ఎదుట ఆ మాట రానివ్వకండి.

సోమవారం గొడవకి వాళ్ళమ్మ రాకను ఆపించొద్దు. అమ్మను చూసి, మళ్ళీ వదిలి, తెల్లారేసరికి లెక్కల పీరియడ్‌లో కూర్చోవాలంటే పెద్దవాళ్ళకే కష్టం. ఆవిడ రాకను రెండో శనివారానికి మార్చమని ఇలాంటి పిల్లల విషయాలు చూసే బాలల సంక్షేమ సమితిని అడగండి. ఆ రోజు బడి ఉండదు, మర్నాడు ఆదివారం. మధ్యలో ఒక రోజు దొరుకుతుంది. క్లాస్ టీచర్‌కి కథంతా చెప్పనక్కర్లేదు, ‘ఆ వారం మొదట్లో కాస్త చూసీచూడనట్టు ఉండండి’ అంటే సరిపోతుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల్ని పెంచేవాళ్ళకు ప్రత్యేక శిక్షణ, అండగా ఒక సోషల్ వర్కర్, అలసిపోతే కొన్ని రోజులు పిల్లాణ్ణి మరో కుటుంబం చూసుకునే వీలు ఉంటాయి. మనకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అది వాడి ఖర్చులకు సరే, మీ నిద్రలేమికి ఎవరిస్తారు? అందుకే అడిగి సాయం తీసుకోవాలి. ఫోస్టర్ ఇంటిని సమితి నెలనెలా చూడాలని చట్టంలోనే ఉంది. వాళ్ళొచ్చిన రోజు ‘అంతా బాగానే ఉంది సార్’ అని టీ ఇచ్చి పంపేయకండి. ఇక్కడ రాసినవన్నీ అక్కడ చెప్పి, వాడికి కౌన్సెలింగ్ ఏర్పాటు చెయ్యమనండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనూ అడగండి. మీవారిని పక్కనే కూర్చోబెట్టుకోండి.

ఇక దత్తత. 2024లో వచ్చిన మార్గదర్శకాల్లో, ఫోస్టర్ కేర్ నుంచి దత్తతకు పట్టే గడువును ఐదేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గించారు. కానీ బాబు చట్టప్రకారం దత్తతకు అర్హుడని సమితి ప్రకటించాలి. నెలనెలా బస్సెక్కి వస్తున్న తల్లి ఉండగా అది తేలిగ్గా జరిగేది కాదు, జరగకూడదు కూడా. ఇప్పుడే వాడి దగ్గర ఆ మాట ఎత్తకండి. వాళ్ళమ్మ ముందైతే అసలే వద్దు.